పేరు పెట్టిన ఓడ, చేత కట్టిన ఓడ

మన యిండ్లలో ఇనుము లేని గది లేదు. ఇనుమును కాల్చి వంచువానిని పిలిచి కూర్చుండబెట్టు గది మాత్రము చాల యిండ్లలో లేదు. ఈ మాట కటువుగా దోచవచ్చును. అయినను మన చదువు మన చేతులను ఎంతవఱకు గౌరవించుచున్నదో తెలిసికొనుటకు ఇంతకంటె సులభమైన పరీక్ష నాకు కానరాలేదు. ఈ పరీక్షను నేను ఈ వ్యాసమున ఓడల విషయమున బెట్టి చూడదలచితిని.

మాది జల్‌పల్లి. హైదరాబాదునకు దక్షిణముగ, శంషాబాదు విమానాశ్రయమునకు సమీపమున నున్న యూరు. 2008వ సంవత్సరమున ఆ విమానాశ్రయము తెఱవబడినది మొదలు మా తలలమీదుగ విమానములు పోవుచునే యున్నవి. ఊర నొక చెరువు కలదు. సముద్రమన్న మాకు ఒక రాత్రి రైలు ప్రయాణము. ఇట్టి యూరివానికి ఓడల ముచ్చట యెందుకని చదువరులు అడుగవచ్చును. అడుగుట న్యాయమే. కారణములు రెండు. మొదటిది, మా హైదరాబాదు ప్రభువు పేర సముద్రములమీద దిరిగిన యొక యుద్ధనౌక. రెండవది, మా మేనకోడలు.

మొదట యుద్ధనౌకను గూర్చి చెప్పెదను. రెండవ ప్రపంచయుద్ధమునాటికి హైదరాబాదు రాజ్యమునకు అంగుళము సముద్రతీరము లేదు. అయినను 'నిజాం' అను పేరుగల డిస్ట్రాయరు ఒకటి ఆ యుద్ధమున పాల్గొన్నది. ఆ పేరు మీర్ ఉస్మాన్ అలీఖాన్ గారిని బట్టి పెట్టినది. దాని నిర్మాణమునకు ధనమిచ్చినవారును ఆయనయే. స్కాట్లాండు దేశమున క్లైడు నదియొడ్డున క్లైడ్‌బ్యాంకు అను పట్టణము కలదు. అచ్చట జాన్ బ్రౌన్ కంపెనీవారి కార్ఖానాలో ఆ నౌక 1940 జూలైలో నీటికి దిగినది. 1941 జనవరిలో ఆస్ట్రేలియా నౌకాదళమున జేరినది. ఆ యేడే క్రీటు ద్వీపమునుండి సైనికులను తప్పించి తెచ్చుటలోను, ముట్టడిలో నున్న తోబ్రుకునకు సరకులు చేర్చుటలోను పనిచేసినది. 1945 సెప్టెంబరు 2వ తేదీన జపాను లొంగిపోవుచు సంతకములు చేసిన దినమున టోక్యో అఖాతమున నిలిచిన నౌకలలో అదియు నొకటి. అటు పిమ్మట పాత యినుముక్రింద విఱుగగొట్టబడినది. ఇదియే గాక బ్రిటిషు వైమానికదళమున 152వ దళమునకును హైదరాబాదు పేరే యుండెను.

మా పెద్దలలో కొందఱు ఈ సంగతి విన్నప్పుడు మీసము దువ్వుదురు. నాకు మాత్రము వేఱొక ప్రశ్న తోచును. ఆ ధనము నిజాముగారి చేతినుండి పోయినది నిజమే. నిజాముగారి చేతికి వచ్చినది మాత్రము రైతు చేతినుండి గదా. ఆ ధనముతో క్లైడ్‌బ్యాంకున ఉక్కుపలకలు కోసినవారికి కూలి దొరికెను. వారి కుఱ్ఱలకు పని పట్టువడెను. ఒక ఓడ కట్టినచేతులు రెండవ ఓడను మఱింత బాగుగ కట్టెను. తెలంగాణపు రైతునకు మిగిలిన దేమి? ఓడ నుదుట నొక పేరు. ఓడ విఱిగినపుడు ఆ పేరును విఱిగినది. కట్టినవారి నేర్పు మాత్రము విఱుగలేదు.

సరిగా ఆ మాసములలోనే మన దేశమున ఒక వర్తకుడు ఓడల కార్ఖానా కట్టుటకై తలుపు తలుపు తట్టుచుండెను. ఆయన షోలాపురమువాడైన వాల్‌చంద్ హీరాచంద్. ఆయనయు, నరోత్తమ్ మొరార్జీ మున్నగువారును 1919వ సంవత్సరమున సింధియా స్టీము నావిగేషన్ కంపెనీని స్థాపించిరి. ఆ యేటి ఏప్రిలు 5వ తేదీన వారి 'లాయల్టీ' అను ఓడ బొంబాయినుండి లండనునకు బయలుదేఱినది; నేడు మన దేశమున నౌకాయాన దినముగ నాచరించునది ఆ తేదీనే. తెల్లవారి కంపెనీలు తమ ఓడలపై కిరాయి తగ్గించి సింధియా వారిని ముంచుటకు జూచెను. 1923లో కుదిరిన ఒడంబడిక వారి ఓడల పెంపునకు కళ్లెము వేసెను. ఓడలు కొనుటకు పరదేశముపై ఆధారపడినంతకాలము ఈ కళ్లెము వీడదని వారు గ్రహించిరి. కలకత్తాలో స్థలము కావలెనని యడిగిరి, అది కుదురలేదు. తుదకు వారి చూపు విశాఖపట్టణముమీద నిలిచెను.

విశాఖ అప్పటికి క్రొత్త రేవు. డాల్ఫిన్‌నోసు కొండ మాటున, బురదనేలను త్రవ్వి చేసిన లోపలి నౌకాశ్రయమునకు 1933 అక్టోబరు 7వ తేదీన మొదట ప్రవేశించిన ఓడ సింధియావారి 'జలదుర్గ'. కొండ గాలిని, పెద్ద యలలను అడ్డును. లోపలి నీరు నిలకడగ నుండును. ఓడలు కట్టుటకు ఇట్టి చోటు దొరకుట యరుదు. 1941 జూన్ 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాదుగారు ఆ కార్ఖానాకు శంకుస్థాపన చేసిరి. పనివారి వాడకు గాంధీగ్రామమని పేరు పెట్టిరి. ఆ పేరు నేటికిని నిలిచియున్నది. సింధియా అను కంపెనీ పేరు ఆ ప్రాంతమునకే యూరిపేరై పోయినది.

అప్పుడు ఇంగ్లాండునకు ఓడల కఱవు. జర్మనీ జలాంతర్గాములు అట్లాంటికు సముద్రమున ఓడలను వరుసగ ముంచుచుండెను. అట్టి వేళ ఇండియాలో ఓడలు కట్టెదమన్నవారికి ప్రభుత్వము చేయూత నీయవలసినది గదా? ఈయలేదు. వర్తకపు ఓడల నిర్మాణమును తక్షణమైన యుద్ధప్రయత్నముగ వారు లెక్కింపలేదు. యంత్రములు తెచ్చుకొనుటకు వలయు ప్రాధాన్యము దొరకలేదు. హైదరాబాదునుండి ధనము తీసికొని క్లైడున ఓడ కట్టుట యుద్ధప్రయత్న మైనది. విశాఖలో ఓడ కట్టుట మాత్రము కాకపోయినది. ధనము పనికివచ్చును, పేరు పనికివచ్చును, చేతులు పనికిరావు! పరాధీనత యన నేమో బడిపిల్లలకు బోధింపవలసివచ్చినచో ఈ యొక్క యుదాహరణము చాలును.

ఇక బాంబుల సంగతి. 1941 మార్చి 13, 14 తేదీల రాత్రులందు జర్మనీ విమానములు క్లైడ్‌బ్యాంకుపై విఱుచుకొనిపడినవి. 500కు పైగా జనులు మడిసిరి. చెక్కుచెదరని యిండ్లను వ్రేళ్లపై లెక్కింపవచ్చునట. అయినను జాన్ బ్రౌన్ కార్ఖానాలో ఓడల పని మానలేదు. ఇల్లు పోయినవారు ప్రక్కయూళ్లలో తలదాచుకొని ప్రొద్దుట పనికి వచ్చిరి.

1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను బాంబులు వేసినవి. ముందునాడు కొలంబోపై దాడి జరిగియుండెను. అదే దినములలో జపాను నౌకలు బంగాళాఖాతమున ఇరువదికి పైగా సరకు ఓడలను ముంచినవి. క్లైడ్‌బ్యాంకుతో బోల్చినచో విశాఖలో ప్రాణనష్టము స్వల్పమే. కాని పట్టణము సగము ఖాళీ యయ్యెను. జనులు మూటలు నెత్తిన బెట్టుకొని పల్లెలకు పోయిరి. అప్పుడప్పుడే నిలబడుచున్న కార్ఖానాలోని యంత్రములను ఊడదీసి బొంబాయికి తరలించిరి.

ఈ రెంటిని ప్రక్కప్రక్కన బెట్టి మనవారు పిఱికివారని తేల్చువారు కలరు. నే నొప్పుకొనను. క్లైడ్‌బ్యాంకు పనివాని వెనుక తన ప్రభుత్వముండెను. తన తండ్రి, తాత కట్టిన ఓడలుండెను. రేపు కట్టవలసిన ఓడల చిట్టా యుండెను. విశాఖ పనివాని వెనుక ఏమున్నది? శంకుస్థాపన జరిగి పదినెలలైన కాలేదు. ఒక్క ఓడయైన నీటికి దిగలేదు. రక్షించువాడు పరదేశీయుడు, వానికి ఈ కార్ఖానా నిలుచుట యిష్టమో కాదో తెలియదు. తనది యని తోచినదానికే మనుజుడు ప్రాణ మొడ్డును.

ఓడల కార్ఖానా యన నేమో చూడనివారికి నాలుగు మాటలు చెప్పవలెను. ఓడ మొట్టమొదట నేలమీద గీతగా బుట్టును. నాట్యశాలవలె విశాలమైన చెక్కనేలపై ఓడయొక్క ప్రతి వంపును నిజప్రమాణమున గీయుదురు. ఆ గీతలనుబట్టి పలుచని చెక్కతో అచ్చులు కోయుదురు. అచ్చును ఉక్కుపలకపై బెట్టి గుర్తువేసి, కోసి, కాల్చి, వంచుదురు. ఏటవాలు గట్టుమీద ముందు వెన్నెముక పఱతురు. దానికి ప్రక్కటెముకలు నిలుపుదురు. ఎముకలపై చర్మమువలె పలకలు కప్పుదురు. ఆ దినములలో పలకలను రివెట్లతో బిగించెడివారు. ఒకడు కొలిమిలో రివెట్టును ఎఱ్ఱగ కాల్చి యందించును. ఒకడు రంధ్రమున దూర్చును. ఒకడు లోపలివైపున అదిమిపట్టును. వెలుపలివాడు అది చల్లారకముందే సమ్మెటతో తల యణచును. నలుగురిలో నొకడు క్షణము తప్పినచో నీరు చొచ్చును. ఇట్టి బిగింపులు ఒక ఓడకు లక్షలు. తుదిని గట్టునకు కొవ్వు పూసి, అడ్డుదుంగలు తీసివేసిన, వేలమణుగుల భారముగల ఆ ఓడ తనంతట తాను నీటిలోనికి జాఱును. ఇందలి యే పనియు పుస్తకము చదివి వచ్చునది కాదు. పుస్తకము లేక వచ్చునదియు కాదు.

యుద్ధము ముగిసినది. విశాఖ కార్ఖానా మరల లేచినది. 1948 మార్చి 14వ తేదీన, క్లైడ్‌బ్యాంకు కాలిన యేడేండ్లకు సరిగా అదే తేదీన, పండిత జవహర్లాలు నెహ్రూగారు 'జలఉష'ను నీటికి విడిచిరి. 8,000 టన్నుల సరకు మోయగల ఓడ. స్వతంత్రమైన దేశమున మన చేతులతో గట్టిన మొదటి పెద్ద ఆవిరియోడ అదియే. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి అప్పటికి ఏడుమాసములు. మా హైదరాబాదు అప్పటికింకను భారతదేశమున జేరలేదు. 'నిజాం' ఓడ పరదేశపు గట్టున తన తుదిదినములు లెక్కించుకొనుచుండెను.

ఈ నేర్పు మనకు పూర్తిగా క్రొత్తదియు కాదు. శాతవాహనుల నాణెములపై రెండు కొయ్యల ఓడబొమ్మ నేటికిని చూడవచ్చును. గోదావరి ముఖమున నున్న కోరంగి, తాళ్లరేవు ఓడల కట్టడమునకు ప్రసిద్ధికెక్కిన యూళ్లు. 1839 నాటి తుపాను ఉప్పెన కోరంగిని తుడిచిపెట్టినది. బర్మాలో తెలుగువారిని నిన్నమొన్నటివఱకు 'కోరంగీలు' అనియే పిలిచిరి. ఓడ యెక్కిన రేవు పేరే జాతిపేరైనది. మఱి సముద్రము దాటిన కులము చెడునని శాసించిన పండితు లెవ్వరు? ఓడ కట్టిన వడ్రంగిని అరుగుక్రిందనే నిలిపిన గృహస్థు లెవ్వరు? కోరంగి ఓడలను ముంచిన యుప్పెన ఒక్క దినమే వచ్చి పోయినది. మన చిన్నచూపు దినదినమును వచ్చుచున్నది.

ఇక మా మేనకోడలి మాట. ఆ పిల్ల మెకానికలు డిప్లొమా పూర్తిచేసి, తూర్పుతీరమున నొక ఓడల కార్ఖానాలో అప్రెంటీసుగ జేరెదనని పట్టుబట్టినది. అందును వెల్డింగుపని. మా చెల్లెలి యింట పెద్ద గందరగోళము రేగినది. చెల్లెలు కన్నీళ్లతో నన్ను పిలిపించి, "అన్నా, ఇంత సదువు సదివిపిచ్చింది ఇనుము కాల్పిచ్చెటందుకా? రేపు దీన్నెవరు జేసుకుంటరు?" అనినది. బావగారు, "ఏసీ గదిల కూసుండె కొలువు దొరకకపోతదా బావా?" అనిరి. లోపలినుండి చెల్లెలి యత్తగారు, "మనమేమన్న కమ్మరోళ్లమా?" అని తేల్చివైచిరి.

మొదటి రెండు మాటలను నేను త్రోసివేయలేదు. తల్లి భయము తల్లిది. కార్ఖానా పూలతోట కాదు. 2020 ఆగస్టు 1వ తేదీన విశాఖ హిందూస్థాన్ షిప్‌యార్డులో పెద్ద క్రేను కూలి 11 మంది మరణించిరి. ఆ యిండ్లలోని తల్లుల కన్నీరు ఎవరు తుడువగలరు? దూరము, రాత్రిపని, వసతి, భద్రత, ఇవన్నియు అడిగి తెలిసికొనవలసిన సంగతులే. నేను బావగారితో గూడ పోయి యన్నియు కన్నులార జూచి వత్తునని చెప్పితిని, అట్లే చేసితిని.

మూడవ మాటకు మాత్రము నేను ఊరకుండలేదు. "అత్తమ్మా, మన పొలమున నాగలికఱ్ఱు సాగదీసిన దెవ్వరు? మన కొడవలికి పదును పెట్టిన దెవ్వరు? కొలిమి చల్లారినచో మన గాదె నిండునా? యేటికొకసారి బలుత ధాన్యము కొలిచి పోసి, ఇంటిముందరనే నిలిపి పంపితిమి. ఆ చేతిపని నీచమైనచో ఆ చేతిపనితో పండిన యన్నము మాత్రము నీచము కాలేదా?" అని యడిగితిని. ఆమె బదులు పలుకలేదు. కాని ఆ రాత్రి ఎవరితోను మాటలాడనులేదు.

ఆడపిల్ల యను మాటకు సమాధానమును యుద్ధకాలపు కార్ఖానాలే చెప్పినవి. అమెరికాలో రిచ్‌మండు మున్నగు తావులందలి కార్ఖానాలలో వేలకొలది స్త్రీలు వెల్డింగు దీపము పట్టిరి. ఆ యుద్ధకాలమున ఆ దేశము కట్టిన 'లిబర్టీ' ఓడలు 2,700కు పైబడినవి. 1942 నవంబరులో ఒకదానిని ఐదు దినములు నిండకమునుపే కట్టి నీటికి దింపిరి. యుద్ధము ముగియగనే, ఆ చేతులను వంటింటికి మరలిపొమ్మనిరి. అవసరమునకు స్త్రీ చేయి గట్టిది, అవసరము తీఱగనే మెత్తనిది! ఈ న్యాయము ఆ దేశపుది మాత్రమే యని చదువరులు తలంపరాదు.

మేనకోడలు వాదింపలేదు. "మామా, ఓడల నీళ్లు రాకుంట ఆపేది ఆ అతుకే గద. గంతకన్న పెద్ద కొలువు నాకెవరిస్తరు?" అని మాత్ర మనినది. బావగారు చాలసేపు చెరువువైపు జూచి, "పోనీ, ఒక యేడు సూద్దాం" అనిరి.

విశాఖ కార్ఖానా పిమ్మటి చరిత్రను గూడ దాచక చెప్పవలెను. 1952లో ప్రభుత్వము అందు మూడింట రెండు పాళ్లు కొని హిందూస్థాన్ షిప్‌యార్డు అని పేరు పెట్టినది. 1961 నాటికి అది పూర్తిగ ప్రభుత్వపరమైనది. 2010లో రక్షణశాఖక్రిందికి పోయినది. వర్తకుని కార్ఖానా ఇట్లు నౌకాదళపు కార్ఖానా యైనది. నడుమ నష్టములును, ఆలస్యములును ఎన్నో కలవు. 2006లో మరమ్మతునకు వచ్చిన 'సింధుకీర్తి' జలాంతర్గామి వెలుపలికి వచ్చుటకు 2015 పట్టినది. తొమ్మిదేండ్లు! మఱి 2021లో అచ్చటనే కట్టిన 'ధ్రువ్' నౌక నౌకాదళమున జేరినది. 2025 జూలైలో లోతునీట చిక్కినవారికి సాయపడు 'నిస్తార్' చేరినది. నేర్పు ఒకమాఱు సంపాదించి పెట్టెలో దాచుకొను నగ కాదు. వాడకున్న త్రుప్పు పట్టును. క్లైడ్‌బ్యాంకే యిందుకు సాక్షి. 'నిజాం'ను గట్టిన ఆ కార్ఖానాలో నేడు ఓడలు లేవు. 1907 నాటి పెద్ద క్రేను ఒకటి మాత్రము చూచువారికొఱకు నిలిచియున్నది.

మేనకోడలు పోయి ఆఱుమాసములైనది. మొదటి మాసమంతయు పాత పలకలపై తిన్నని గీతగ అతుకువేయుటయే నేర్పిరట. పైకి నున్నగ నున్న యొక యతుకును నేర్పువారు విఱిచి, లోపల నున్న సూదిమొనయంత రంధ్రమును జూపిరట. "పైకి మంచిగ కనవడేది అతుకు గాదు మామా" అని ఫోనులో చెప్పినది. చేతిమీద రెండు కాలినమచ్చలు పడినవని తల్లికి చెప్పవలదనినది. తల్లికి ముందే తెలిసియున్నదని నేను చెప్పలేదు. చెల్లెలి యత్తగారు ఈ నడుమ తన యిరుగుపొరుగువారితో, "మా మనుమరాలు ఓడలు గడ్తది" అనుచుండగా నేను విన్నాను.

వేసవి సెలవులలో మనవారు పిల్లలను విశాఖకు తీసికొనిపోదురు. సముద్రపుటొడ్డున నిలిపి, అలలను జూపి, గవ్వలు కొనిపెట్టి మరలి వత్తురు. ఇక మీదట పోవువారు ఒక పూట మల్కాపురము దాటి సింధియా త్రోవను పోవలెనని కోరుచున్నాను. పని ముగిసి, చేత అన్నపుగిన్నెతో ద్వారమునుండి వెలువడు జనులను పిల్లలకు చూపవలెను. వారిలో నొకరిని పలుకరించి, నేడు ఏమి చేసితిరని పిల్లలచేతనే అడిగింపవలెను. ఇంటికి వచ్చినపిదప మీ యింటి కుళాయి బాగుచేయ వచ్చినవానికి కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, వాని పని ముగియువఱకు పిల్లలను ప్రక్కన నిలిచి చూడనిండు. ఇందుకు ప్రభుత్వపు టుత్తరువు అక్కఱలేదు, సభలు అక్కఱలేదు. ఒక కుర్చీ చాలును.